కాలిఫోర్నియాలో మన జోన్ కాని స్కూల్‌కి పిల్లల్ని పంపాలంటే పర్మిట్ ఎలా అడగాలి

కాలిఫోర్నియాలో పిల్లలు ఏ గవర్నమెంట్ స్కూల్‌కి వెళ్లాలన్నది ఇంటి అడ్రస్‌ని బట్టి తేలిపోతుంది. ఇంటి పరిస్థితులు మాత్రం అన్నిసార్లూ దానికి కుదరవు. మార్చిలో లీజు అయిపోయి పక్క ఊరికి మారాల్సి వస్తుంది, ఐదో క్లాసు పిల్లకి ఆ బడిలో ఇంకో మూడు నెలల చదువు మిగిలి ఉంటుంది. భార్యాభర్తలిద్దరి ఆఫీసులూ ఇంటికి దూరం, బడి చూస్తే మధ్యాహ్నం రెండున్నరకే వదిలేస్తారు. ఇలాంటివాళ్లు వేరే జోన్ బడికి పంపడానికి అనుమతి అడగొచ్చని రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఈ సంగతి తెలియక మనవాళ్లు కొందరు స్తోమతకు మించిన అద్దె కట్టి ఇల్లు మారుతున్నారు. కొందరు తెలిసినవాళ్ల అడ్రస్ పెట్టి ఏడాది పొడవునా టెన్షన్ పడుతున్నారు. ఆ రెండు దారులూ పట్టేముందు ఒకసారి పర్మిట్‌కి పద్ధతిగా అప్లై చేసి చూడండి.

ముందు మీది ఏ డిస్ట్రిక్టో తేల్చుకోండి

ఊరి పేరు చూసి అదే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలో గవర్నమెంట్ బళ్లు నడిపే సంస్థ) అనుకోకండి. శాన్ హోసే ఒక్క ఊళ్లోనే ఎన్నో స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, పడమర వైపు కొన్ని వీధులు కూపర్టినో యూనియన్ కిందకి వస్తాయి. ఫ్రీమాంట్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్ ఫ్రీమాంట్‌ ఊరిది కానే కాదు, సన్నీవేల్, కూపర్టినో వైపు హైస్కూళ్లు దానివి. ఫ్రీమాంట్‌ బళ్లు నడిపేది ఫ్రీమాంట్ యూనిఫైడ్. డబ్లిన్ నుంచి కాస్త దూరం వెళ్లి శాన్ రామోన్‌లో అడుగుపెడితే డిస్ట్రిక్టే కాదు, కౌంటీ కూడా మారిపోతుంది. కాబట్టి డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉండే స్కూల్ లొకేటర్‌లో మీ ఇంటి నంబర్, వీధి పేరు కొట్టి చూడండి. మీరు కోరుకుంటున్న స్కూల్ అడ్రస్ ఏ డిస్ట్రిక్ట్‌దో కూడా చూడండి.

రెండూ ఒకే డిస్ట్రిక్ట్ అయితే మీరు అడగాల్సింది ఇంట్రా డిస్ట్రిక్ట్ ట్రాన్స్‌ఫర్. దీన్నే చాలాచోట్ల ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. ఖాళీ సీట్ల కంటే అడిగినవాళ్లు ఎక్కువైతే లాటరీ తీస్తారు. మామూలు బళ్లలో మార్కులు చూసో, ఆటలు చూసో ఎంచుకోకూడదని చట్టం. ఆ జోన్‌లో ఉంటున్న పిల్లల్ని తప్పించి మీకు సీటివ్వరు. ఇక్కడ మీ చేతిలో ఉన్నది గడువులోపల ఫారం పడేయడమే, గడువు దాటితే వెయిట్‌లిస్ట్ చివర్లో నిలబడాలి.

డిస్ట్రిక్టులు వేరైతే అది ఇంటర్ డిస్ట్రిక్ట్ పర్మిట్. రాష్ట్ర విద్యా చట్టం, అంటే ఎడ్యుకేషన్ కోడ్, 46600 సెక్షన్ నుంచి దీని నియమాలు మొదలవుతాయి. అసలు శ్రమంతా దీనికే కాబట్టి ఇక్కడి నుంచి దీని గురించే చెబుతాను.

రెండు ఆఫీసులు, రెండు అనుమతులు

మొదట మీ ఇంటి డిస్ట్రిక్ట్ మీ పిల్లవాడిని వదలాలి. దీన్ని రిలీజ్ అంటారు. ఆ తర్వాత మీరు కోరిన డిస్ట్రిక్ట్ చేర్చుకుంటామనాలి. ఒకరు ఒప్పుకుని ఇంకొకరు కాదన్నా పని జరగదు. అందుకే ఫారం ముందుగా ఇంటి డిస్ట్రిక్ట్ ఆఫీసులోనే ఇవ్వాలి. నేరుగా నచ్చిన బడికి వెళ్లి ప్రిన్సిపాల్‌ని బతిమాలితే ఆవిడ ఎంత మంచిదైనా చేయగలిగింది ఏమీ ఉండదు.

వాళ్లు ఎందుకు వెనకాడతారో తెలిస్తే మీ లెటర్ ఎలా రాయాలో మీకే అర్థమవుతుంది. ఎక్కువ డిస్ట్రిక్టులకి రాష్ట్రం నుంచి వచ్చే డబ్బు పిల్లల హాజరుని బట్టి వస్తుంది. మీ పిల్లవాడు వెళ్లిపోతే ఇంటి డిస్ట్రిక్ట్‌కి ఆ మేరకు తగ్గుతుంది. పిల్లల సంఖ్య పడిపోతున్న డిస్ట్రిక్టులు రిలీజ్ ఇవ్వడానికి బిగుసుకునేది అందుకే. అటువైపు పాలో ఆల్టో లాంటి బేసిక్ ఎయిడ్ డిస్ట్రిక్టులు ప్రధానంగా స్థానిక ప్రాపర్టీ ట్యాక్స్ మీద నడుస్తాయి. బయటి నుంచి ఒక పిల్లవాడు ఎక్కువైనా వాటికి మామూలు డిస్ట్రిక్టులకి వచ్చినట్టు డబ్బు రాదు. అలాంటిచోట లోపలికి అనుమతి దొరకడం కష్టం. మీరు కోరుతున్నది బేసిక్ ఎయిడ్ డిస్ట్రిక్టో కాదో ముందే ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. అవునంటే ఏ కారణాలతో తీసుకుంటారో కూడా అప్పుడే కనుక్కోండి.

కారణం దగ్గరే అంతా ఉంది

ఆ స్కూల్ రేటింగ్ పదికి పది అని రాయకండి. అది నిజమే కావొచ్చు, మీ మనసులో ఉన్న మొదటి కారణం కూడా అదే కావొచ్చు. కానీ అధికారి ఆ మాట పట్టుకుని సంతకం పెట్టలేరు. ప్రతి డిస్ట్రిక్టూ ఏ కారణాలకి అనుమతిస్తుందో, ఏవి కాదంటుందో, ఏ తేదీల్లో ఫారాలు తీసుకుంటుందో తన వెబ్‌సైట్‌లో పెట్టాలని చట్టం. ఆ పాలసీ తీసి, రెండు డిస్ట్రిక్టులదీ, పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీ ఇంట్లో నిజంగా ఉన్న పరిస్థితుల్లో ఏది రెండు పాలసీల్లోనూ ఉందో అదే మీ కారణం.

చిన్నపిల్లల విషయంలో తరచూ చెల్లేది చైల్డ్ కేర్. బడి అయ్యాక చూసుకునే మనిషి కోరిన డిస్ట్రిక్ట్‌లో ఉండాలి, వాళ్ల అడ్రస్, చూసుకునే గంటలు రాసిన లెటర్ ఉండాలి. మన ఇళ్లల్లో ఇక్కడే చిక్కు వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో నాన్నమ్మో చూసుకుంటారని రాస్తారు. వాళ్లు విజిటర్ వీసా మీద ఉండేది మామూలుగా ఆరు నెలలు, అడుగుతున్న పర్మిట్ ఏమో ఏడాదికి. పైగా అమ్మమ్మ ఉండేది మీ ఇంట్లోనే, అంటే మీ జోన్‌లోనే. ఈ కారణం నిలబడదు. అదే కోరిన స్కూల్ పక్కన తెలుగు ఆంటీ నడిపే డే కేర్‌లో బాబు మూడేళ్లుగా ఉంటే అది గట్టి కారణం. ఆవిడకి ఫ్యామిలీ చైల్డ్ కేర్ లైసెన్స్ ఉంటే నంబర్ రాయించండి. సొంత పిల్లలు కాక ఒక్క కుటుంబం పిల్లల్నే చూసేవాళ్లకి కాలిఫోర్నియాలో లైసెన్స్ అక్కర్లేదు, అలా ఉంటే ఆ మాటే లెటర్‌లో స్పష్టంగా రాయాలి.

ఉద్యోగం కూడా కారణమే. తల్లో తండ్రో బడి నడిచే వారంలో కనీసం 10 గంటలు ఆ డిస్ట్రిక్ట్ హద్దుల్లో స్వయంగా ఉండి పని చేస్తుంటే, ఆ పిల్లవాడిని అక్కడ నివాసం ఉన్నట్టుగానే చేర్చుకునే వెసులుబాటు 48204 సెక్షన్‌లో ఉంది. చేర్చుకుని తీరాలని లేదు గానీ చాలా డిస్ట్రిక్టులు పరిశీలిస్తాయి. ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ మీద చేసే పని దీనికి పనికిరాదు. కన్సల్టింగ్ కంపెనీ ద్వారా క్లయింట్ దగ్గర పని చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మీ కంపెనీ లెటర్‌హెడ్ మీద న్యూజెర్సీ అడ్రసో టెక్సాస్ అడ్రసో ఉంటుంది, చదివేవాళ్లకి మీరు శాంటా క్లారాలో పని చేస్తున్నట్టు ఎక్కడా కనబడదు. క్లయింట్ ఆఫీసు అడ్రస్, వారంలో ఏ రోజులు, ఏ గంటలు అక్కడ ఉంటారో రాసిన లెటర్ హెచ్ఆర్ దగ్గర అడిగి తీసుకోండి. మీ ఎల్‌సీఏలో (హెచ్-1బి కోసం కంపెనీ లేబర్ శాఖకి పెట్టే అప్లికేషన్) ఉన్న వర్క్‌సైట్, ఈ లెటర్‌లో ఉన్న అడ్రస్ ఒకటే అయ్యేలా చూసుకోండి.

ఇల్లు మారినవాళ్లు ఆ ఏడాది అక్కడే పూర్తి చేస్తామని అడిగితే చాలాచోట్ల ఇబ్బంది ఉండదు. ఆ బడిలో చివరి క్లాసు అయితే మరీ మేలు. త్వరలో ఆ డిస్ట్రిక్ట్‌లోకే మారబోతుంటే ఇల్లు కొంటున్నట్టు చూపే ఎస్క్రో కాగితాలో సంతకం అయిన లీజో జత చేయండి. అన్నో అక్కో ఇప్పటికే అక్కడ పర్మిట్ మీద చదువుతుంటే, మీ డిస్ట్రిక్ట్‌లో దొరకని ప్రత్యేక కోర్సు అక్కడ ఉంటే, అవి కూడా చాలా పాలసీల్లో ఉండే కారణాలే.

పిల్లల్ని బడిలో ఎవరైనా వేధిస్తున్నారనుకోండి, ఆ సంగతి మాత్రం నోటిమాటగా వదలొద్దు. ప్రిన్సిపాల్‌కి తేదీలతో సహా ఈమెయిల్ రాయండి, ఫిర్యాదు ఫారం ఇవ్వండి, వాళ్లు విచారించి తేల్చింది కాగితం మీద తీసుకోండి. వేధింపు జరిగిందని బడి సిబ్బంది తేలిస్తే ఆ పిల్లవాడికి ఇంటర్ డిస్ట్రిక్ట్ పర్మిట్‌లో ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతోంది. పిల్లలు ఏడుస్తూ ఇంటికొస్తుంటే కాగితాలేంటి అనిపిస్తుంది. కానీ ఆ కాగితమే తనని అక్కడి నుంచి బయటికి తెస్తుంది, కాబట్టి మొదటి రోజు నుంచే రాసి పెట్టండి.

లెటర్ ఎలా ఉండాలి

ఒక్క పేజీ చాలు. మన కష్టాలన్నీ చెప్పుకోవాలనిపిస్తుంది గానీ, చదివేవాళ్ల ముందు అలాంటివి ఎన్నో ఉంటాయి. ఇంగ్లీషులో రాయబోయే లెటర్‌లో విషయం ఇంచుమించు ఇలా ఉంటే బాగుంటుంది:

"మా అబ్బాయి వచ్చే ఆగస్టులో రెండో క్లాసులో చేరతాడు. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు పని చేస్తాను. నా భర్త వారానికి నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్లి సాయంత్రం 6:15కి ఇంటికి చేరతారు. మా హోమ్ స్కూల్ (మా జోన్ బడి) 2:30కి వదులుతారు. అక్కడి ఆఫ్టర్ స్కూల్ ప్రోగ్రామ్‌లో సీటు లేదని, వెయిట్‌లిస్ట్‌లో పెట్టామని ఈమెయిల్ వచ్చింది, జత చేశాను. మా బాబుని రెండేళ్ల వయసు నుంచి చూసుకుంటున్న లైసెన్స్ ఉన్న డే కేర్ మీ స్కూల్‌కి అర మైలు దూరంలో ఉంది. వాళ్లు మీ స్కూల్ నుంచి పికప్ చేసుకుంటారు, మా స్కూల్‌కి రాలేరు. వాళ్ల లెటర్ జత చేశాను. రోజూ ఉదయం టైముకి దింపే బాధ్యత మాది. ఎలిమెంటరీ అయ్యేవరకు అనుమతి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము."

ఇందులో ఎవరినీ తిట్టలేదు, ఏ స్కూల్‌నీ పొగడలేదు. రాసిన ప్రతి మాట వెనకా చూపించడానికి ఒక కాగితం ఉంది. వెయిట్‌లిస్ట్ ఈమెయిల్ చాలామందికి తట్టని విషయం. హోమ్ స్కూల్ ఆఫ్టర్ కేర్‌లో ముందు అప్లై చేసి, సీటు లేదన్న జవాబు సంపాదించాకే లెటర్ రాయండి. లేకపోతే 'మా బడిలోనే ఆఫ్టర్ కేర్ ఉంది కదా' అని ఇంటి డిస్ట్రిక్ట్ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

కాగితాలు, తేదీలు

అడ్రస్ రుజువుకి లీజు, కరెంటు బిల్లు, పే స్టబ్, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, ప్రభుత్వం నుంచి వచ్చిన ఉత్తరం లాంటివి చెల్లుతాయి. కొత్తగా వచ్చి స్నేహితుల ఇంట్లో దిగినవాళ్ల పేరు మీద ఇవేవీ ఉండవు. అలాంటివాళ్లు ఫలానాచోట ఉంటున్నామని తల్లిదండ్రులే రాసిచ్చే డిక్లరేషన్‌ని కూడా చట్టం గుర్తిస్తుంది, దాని ఫారం ఆఫీసులో అడగండి. దీంతోపాటు కిందటేడాది రిపోర్ట్ కార్డు, హాజరు రికార్డు సిద్ధంగా పెట్టుకోండి. పిల్లవాడికి ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి బడి రాసిచ్చే చదువు ప్లాన్) ఉంటే దాచొద్దు, తనకి కావలసిన సాయం అక్కడ ఉందో లేదో ముందే తేలాలి.

వీసా గురించి భయం అక్కర్లేదు. హెచ్-4 మీద ఉన్న పిల్లలూ అందరిలాగే అప్లై చేయొచ్చు. ఇమిగ్రేషన్ స్టేటస్ కారణంగా పిల్లల్ని గవర్నమెంట్ బడికి దూరం చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే ప్లైలర్ వర్సెస్ డో కేసులో తేల్చింది.

ఆగస్టులో మొదలయ్యే క్లాసులకి చాలా డిస్ట్రిక్టులు చలికాలంలోనే ఫారాలు తీసుకోవడం మొదలుపెడతాయి. సంక్రాంతి పండగ నాటికి రెండు డిస్ట్రిక్టుల తేదీలూ క్యాలెండర్‌లో రాసుకోండి. ఫారం ఇచ్చినప్పుడు ముట్టినట్టు తేదీ వేసిన రసీదు తీసుకోండి, ఆన్‌లైన్ అయితే స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి. ఎందుకంటే జవాబు ఇవ్వాల్సిన గడువు కూడా చట్టంలో ఉంది. నడుస్తున్న ఏడాదికి అడిగితే 30 క్యాలెండర్ రోజుల్లో చెప్పాలి. వచ్చే ఏడాదికి ముందుగా అడిగితే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా బడి తెరిచాక 14 రోజుల్లోపు తుది జవాబు ఇవ్వాలి. బడి తెరవడానికి 15 రోజుల ముందు నుంచి వచ్చే ఫారాలన్నీ నడుస్తున్న ఏడాది లెక్కలోకే వస్తాయి.

అంటే ఫిబ్రవరిలో ఇచ్చిన ఫారానికి కూడా ఆగస్టు చివర జవాబు రావొచ్చు. ఈ మధ్యలో హోమ్ స్కూల్లో పేరు నమోదు చేయించే ఉంచండి, అక్కడ సీటు వదులుకోకండి. కోరిన డిస్ట్రిక్ట్ తలుచుకుంటే నిర్ణయం వచ్చేదాకా తాత్కాలికంగా రెండు స్కూల్ నెలల వరకు పిల్లవాడిని కూర్చోబెట్టుకోవచ్చు. అలా చేస్తారా అని అడగడంలో తప్పు లేదు.

కాదంటే

కాదన్న జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అందులో కారణంతోపాటు అప్పీల్ చేసుకునే హక్కు గురించి కూడా ఉండాలి. ముందుగా డిస్ట్రిక్ట్‌లోనే పునఃపరిశీలన అడిగే పద్ధతి ఉందేమో చూడండి. తుది జవాబు వచ్చిన 30 క్యాలెండర్ రోజుల్లోపు మీ ఇంటి డిస్ట్రిక్ట్ ఉన్న కౌంటీ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కి అప్పీల్ చేయాలి. రెండు డిస్ట్రిక్టులూ వేర్వేరు కౌంటీల్లో ఉంటే మాత్రం ఏ కౌంటీ బోర్డుకి అప్పీల్ చేయాలో ముందే అడిగి తెలుసుకోండి. ఈ 30 రోజులు దాటితే ఆ ఒక్క సాకుతోనే అప్పీల్ కొట్టేయొచ్చు. బోర్డు మామూలుగా 30 రోజుల్లో, బాగా పెద్ద కౌంటీల్లో అయితే 40 స్కూల్ రోజుల్లో తేల్చాలి.

విచారణ అంటే కోర్టు కాదు, లాయర్ అక్కర్లేదు. బోర్డు సభ్యుల ముందు మీరు కొన్ని నిమిషాలు మాట్లాడతారు, డిస్ట్రిక్ట్ తరఫు మనిషి మాట్లాడతారు, సభ్యులు ప్రశ్నలు అడుగుతారు. ఇంగ్లీషులో తడబడతామని వెనక్కి తగ్గొద్దు, అనువాదకుడు కావాలని ముందే రాసి అడగండి. రోజు ఎలా గడుస్తుందో గంటల లెక్కన చెప్పండి: ఎన్నింటికి ఎవరు ఎక్కడ ఉంటారు, పిల్లవాడు ఎంతసేపు ఒంటరిగా ఉండాల్సి వస్తుంది. డిస్ట్రిక్ట్ తన పాలసీని తానే పాటించకపోతే ఆ పేజీ అచ్చు వేసి తీసుకెళ్లి చూపించండి. కౌంటీ బోర్డు సరేనంటే ఆలస్యం లేకుండా పిల్లవాడిని చేర్చుకోవాల్సిందే. ఈ అప్పీల్ ఇంటర్ డిస్ట్రిక్ట్ పర్మిట్లకే. ఒకే డిస్ట్రిక్ట్ లోపలి ట్రాన్స్‌ఫర్ కాదంటే ఆ డిస్ట్రిక్ట్ దగ్గరే తేల్చుకోవాలి.

అప్పీల్ కూడా పోయిందని అడ్రస్ అరువు తెచ్చుకోకండి. అడ్రస్ ఫారంలో సంతకం పెట్టేది మీరు. అనుమానం వస్తే డిస్ట్రిక్ట్ విచారణ చేయిస్తుంది, తప్పని తేలితే ఏడాది మధ్యలో పిల్లవాడు స్నేహితుల్ని వదిలి బయటికి రావాలి. పెద్దవాళ్లు చేసినదానికి ఆ అవమానం పిల్లలు మోయాల్సి రావడం నాకైతే చూడలేని విషయం. నిజంగా పిన్నిగారింట్లోనో మామయ్యగారింట్లోనో ఉండి చదువుతుంటే ఆ సంగతి వేరు, దానికి పిల్లవాడు తమ దగ్గరే ఉంటున్నాడని ఆ బంధువులు సంతకం చేసిచ్చే కేర్‌గివర్ అఫిడవిట్ అనే సక్రమమైన కాగితం ఉంది.

వచ్చాక

పర్మిట్ మీద షరతులు రాసి ఉంటాయి, సంతకం పెట్టేముందు చదవండి. హాజరు, ప్రవర్తన, కొన్నిచోట్ల మార్కులు కూడా ఉంటాయి. రోజూ ఉదయం ఆలస్యంగా దింపితే పర్మిట్ రద్దు చేసే డిస్ట్రిక్టులున్నాయి. బస్సు పంపుతారని ఆశ పెట్టుకోకండి, దింపడం, తీసుకురావడం మామూలుగా మీ పనే.

ఒకసారి చేరాక ప్రతి ఏడాదీ మళ్లీ అప్లై చేయాల్సిన పని మామూలుగా ఉండదు, అయితే రెండు డిస్ట్రిక్టుల ఒప్పందంలో వేరే షరతు ఉంటే అదే చెల్లుతుంది. పదకొండు, పన్నెండు క్లాసుల్లోకి వెళ్లబోతున్న పిల్లల పర్మిట్‌ని రద్దు చేయకూడదని చట్టం రక్షణ ఇచ్చింది. కానీ కూపర్టినో యూనియన్ లాంటి డిస్ట్రిక్ట్ ఎనిమిదో క్లాసుతో అయిపోతుంది, హైస్కూల్ వేరే డిస్ట్రిక్ట్‌ది. కిందటి పర్మిట్ అక్కడ పనికిరాదు, ఎనిమిదో క్లాసులో ఉండగానే మళ్లీ మొదటి నుంచి అడగాలి.

హైస్కూల్లో ఆటలాడే పిల్లలుంటే ఇంకో జాగ్రత్త. తొమ్మిదో క్లాసులో మొదటిసారి చేరేటప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. ఆ తర్వాత ఇల్లు మారకుండా స్కూల్ మాత్రమే మారితే రాష్ట్రంలో హైస్కూల్ ఆటల్ని నడిపే సీఐఎఫ్ సంస్థ నియమాల ప్రకారం కొంతకాలం వర్సిటీ (స్కూల్ ప్రధాన జట్టు) మ్యాచ్‌లు ఆడనివ్వకపోవచ్చు. ఫారం ఇచ్చేముందే కొత్త స్కూల్ అథ్లెటిక్ డైరెక్టర్‌ని అడగండి.

మధ్యలో ఇల్లు మారినా, డే కేర్ మానేసినా, ఉద్యోగం మారినా పర్మిట్ ఆఫీసుకి వెంటనే ఈమెయిల్ పెట్టండి, మీరు చెప్పిన కారణం మీదే ఆ అనుమతి నిలబడి ఉంది. చిన్నవాడు బడి వయసుకి వస్తే వాడికి విడిగా ఫారం పెట్టాలి. అక్కకి వచ్చిందని తమ్ముడికి దానంతటదే రాదు, అక్క పర్మిట్ కాపీ మాత్రం వాడి ఫారానికి జత చేయండి.